దారి చెప్పే పెట్టె

బరంపురం నుండి పర్లాకిమిడి పోవడానికి రెండు త్రోవలున్నవని మన పాఠకులలో చాలమందికి తెలుసు. ఒకటి ఇచ్ఛాపురం, పలాస, మెళియాపుట్టి, పాతపట్నం మీదుగా పోయే కిందిదారి. రెండవది దిగపహండి, తప్తపాణి, మోహన, ఆర్. ఉదయగిరి మీదుగా పోయే కొండదారి. మొదటిది రాష్ట్రం దాటి పోయి, మళ్ళీ రాష్ట్రంలోకే తెచ్చి దింపుతుంది. 1936లో గంజాం జిల్లాను రెండుగా కోసినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ఒరిస్సాకు వచ్చి, నడుమనున్న ఇచ్ఛాపురం, మందస, టెక్కలి మద్రాసులో వుండిపోయిన ఫలితమిది. మా చుట్టాలందరూ ఈ రెండు దారుల పొడుగునా చెదిరివున్నారు గనుక పెండ్లి అయినా, చావు అయినా ఏదో ఒక దారి పట్టక తప్పదు.

2024 ఫిబ్రవరిలో ఒకనాటి తెల్లవారుజామున పర్లాకిమిడి నుండి ఫోను వచ్చింది. మా పెద్దమ్మ పోయింది. మా అమ్మకు ఆమె ఒక్కతే అక్క. పదకొండు గంటల దాకా వుంచుతామన్నారు. ఆరున్నరకు కారు తీశాము. మా కారు సంగతి కూడ ఇక్కడ చెప్పాలి. అది మేము మూడవ చేతిగా కొన్న మారుతి. దానిలో పాట పాడే పెట్టె వున్నది గాని దారి చెప్పే పెట్టె లేదు. అందుచేత మా ఫోనునే మా అబ్బాయి చేతికిచ్చి ముందు సీటులో కూర్చోబెట్టాము. ఇచ్ఛాపురం దగ్గర లారీ ఏదో బోల్తాపడి రహదారి అంతా ఎర్రగీత చూపిస్తున్నది. కొండదారి అయితే పదిన్నరకు చేరతారని ఫోను చెప్పింది. సరేనని దిగపహండి వైపు తిప్పాము.

తప్తపాణి ఘాటీ ఎక్కేదాకా అంతా బాగానే వున్నది. మోహన దాటిన తరువాత ఫోనులో గీతలు ఒకటొకటే తగ్గిపోయాయి. అయినా బాణపు గుర్తు కదులుతూనే వున్నది, మేము ధైర్యంగానే వున్నాము. ఇంతలో ఎక్కడో ఒక గుట్టమీద గీత ఒకటి దొరికి, పర్లాకిమిడి నుండి మా అన్న పిలిచాడు. ఎక్కడిదాకా వచ్చారని అడిగాడు. అబ్బాయి దారిపటం మూసి మాట్లాడి, మాట అయినాక మళ్ళీ తెరిచాడు. పటం రాలేదు. తెల్లని పలక మీద నీలపుచుక్క ఒక్కటే మిగిలింది. మేము ఎక్కడున్నామో దానికి తెలుసును, ఆ చోటి చుట్టూ ఏమున్నదో తెలియదు!

ముందు దారి రెండుగా చీలింది. తలమీద కట్టెలమోపుతో వస్తున్న ఒక సవర ఆడమనిషిని ఒడియాలో అడిగాము. ఆమె సన్నని దారివైపు చెయ్యి చూపింది. రెండవ దారి వెడల్పుగా, కొత్త తారుతో నల్లగా మెరుస్తున్నది. ఇంత మంచి రోడ్డు కాక ఆ మేకలదారి పర్లాకిమిడి పోతుందా అని మాకు తోచింది. మంచి రోడ్డునే పోయాము. అరగంట పోయినాక అది కాదని తెలిసింది. మళ్ళీ అరగంట వెనక్కి.

మేము చేరేసరికి పన్నెండున్నర దాటింది. శ్మశానం నుండి వచ్చినవారు నూతి దగ్గర స్నానాలు చేస్తున్నారు. మా అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. అరుగుమీద కూర్చుని "అప్ప మొహం చూడలేకపోయాను" అని ఒక్కమాట అన్నది. తిరుగుదారిలో ఆ మాట కూడ లేదు.

తప్పు ఫోనుది కాదు. దారిపటాన్ని ముందే దించి దాచుకొనవచ్చునని ఆఫీసులో కుర్రవాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా మేము చెవిని పెట్టలేదు. అడిగి తెలుసుకొన్న మనిషి మాట వినలేదు. ఈ రెండూ మా తప్పులే.

ఆ వేసవిలో ముఖలింగం దగ్గర మా మావయ్యకు కాలు చెయ్యి పడిపోయినవన్న కబురు వచ్చింది. ఆయనకు ఎనభై దాటాయి. మా అమ్మ తోడబుట్టినవారిలో మిగిలినది ఆయన ఒక్కరే. "కార్తికంలో ఒకసారి తీసుకుపో నాయనా, సోమవారం ముఖలింగేశ్వరుణ్ణి చూసినట్టూ వుంటది, అన్నయ్యని చూసినట్టూ వుంటది" అన్నది మా అమ్మ. ఆమె దేవుణ్ణి ముందు చెప్పింది గాని ఎవరికోసమో మాకు తెలుసు. ఈసారి దారి తప్పకూడదని నిశ్చయించుకొన్నాము. మా ఇంటావిడతో ఆలోచించి, ఐదువేలకు మించకుండా ఒక దారి చెప్పే పెట్టె కొనాలని తీర్మానించాము.

గుమాస్తావాళ్ళకు ఒక గుణం వున్నది. ఐదువందల వస్తువుకైనా మూడు కొటేషన్లు లేనిదే సంతకం పెట్టము. ఈ పెట్టెకూ అట్లాగే తిరిగాము.

మొదటిది గిరిరోడ్డులో ఒక అంగడి. అక్కడ ఏడంగుళాల విదేశీ పెట్టె, అద్దానికి అంటుకొనేది, ఒకరు వాడి అమ్మినది వున్నది. మూడువేల ఐదువందలకు ఇస్తానన్నాడు. "ఆజ్ఞా, నెట్టు అక్కరలేదు, సిమ్ము అక్కరలేదు, ఇండియా అంతా లోపలే వుంది" అన్నాడు. వినడానికి మాకు కావలసినది అదే. కొత్తది కొనాలంటే ఇటువంటిది మా తాహతుకు రెండింతలు మూడింతలు పలుకుతుంది. చేతిలోకి తీసుకొని చూశాము. బరంపురం నుండి విశాఖపట్నం దారి అడిగితే మా ఊరి పక్కనుండి పోయే రహదారిని ఎన్.హెచ్. 5 అని చూపింది. ఈ నంబర్లు 2010లో మారినవి. ఇప్పుడది ఎన్.హెచ్. 16. పోనీ అని పార్వతీపురం మన్యం జిల్లా అని కొట్టాము. అది 2022 ఏప్రిలులో ఏర్పడిన జిల్లా. పెట్టె బిక్కమొగం వేసింది. కొత్త పటం వేసి ఇస్తావా అంటే, ఆ కంపెనీవాళ్ళు ఈ మోడలుకు ఇవ్వడం మానేశారు ఆజ్ఞా అన్నాడు. వెనకవైపు మూత కొంచెం ఉబ్బి వుండడం కూడ చూశాము. బ్యాటరీ ఉబ్బినదన్నమాట. ఎండలో అద్దానికి తగిలించితే ఏమవునో ఊహించుకొని నమస్కారం పెట్టి వచ్చేశాము. పాత పెట్టె కొనదలచినవారు ఇట్లా ఈమధ్య మారిన పేరు ఒకటి అడిగి చూడడం మంచిది. దాని వయస్సు దానిచేతనే చెప్పించవచ్చు.

రెండవది మా ఆఫీసు మిత్రుడు తన కారులో పెట్టించుకొన్నది. పాటల పెట్టె తీసేసి ఆ చోటనే పెద్ద అద్దపుపలక అమర్చారు. చూడడానికి పెళ్ళికొడుకులాగ వున్నది. వెల తొమ్మిదివేలు, బిగింపు వేరు. అది నడవాలంటే మళ్ళీ మన ఫోను నుండే నెట్టు పంచాలి. "మరి కొండమీద?" అని అడిగాము. "కొండమీద పాటలు వినవచ్చు" అన్నాడు ఆయన. నిజాయితీగల మనిషి.

మూడవది మా ఫోనునే పటాలు దించుకొని ఒక పట్టుగొయ్యకు తగిలించడం. ఖర్చు నాలుగైదు వందలు. కాని ఫోను ఒక్కటే అయితే ఎవరైనా పిలిచినప్పుడు మళ్ళీ పటం మూసే గొడవ వున్నది. ఆ గొడవ ఎంత పని చేసిందో పైన చెప్పాము.

ఇట్లా తిరిగి తిరిగి ఇంటికి వస్తే, భువనేశ్వరంలో చదువుతున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి వున్నది. సంగతంతా విని, బీరువా అడుగున గుడ్డలో చుట్టిపెట్టిన తన పాత ఫోను తీసుకువచ్చి బల్లమీద పెట్టింది. అద్దం ఒక మూల పగిలినది, బ్యాటరీ గంటకంటే నిలవనిది. "నాన్నా, దీనికి సిమ్ము వేయకు. దారి చెప్పడం ఒక్కటే దీని ఉద్యోగం" అన్నది.

సిమ్ము లేని ఫోను దారి ఎట్లా చెబుతుందని మాకు అనుమానం. మాలాగే అనుకొనేవారు మన పాఠకులలో ఇంకా వుంటారు గనుక, అమ్మాయి చెప్పగా తరువాత మేమూ చదివి తెలుసుకొన్నది రెండు మాటల్లో చెబుతాము. భూమికి ఇరవైవేల కిలోమీటర్ల పైఎత్తున అమెరికావారి ఉపగ్రహాలు ముప్ఫై వరకు తిరుగుతున్నవి. ఒక్కొక్కటీ "నేను ఫలానా, నా గడియారంలో ఇప్పుడు ఇంత అయింది" అని ఎడతెగకుండా చెబుతూ వుంటుంది. మన ఫోను ఆ మాట తనకు చేరడానికి ఎంత సేపు పట్టినదో లెక్కవేసి, ఎంత దూరం నుండి వచ్చినదో తెలుసుకొంటుంది. ఇట్లా నాలుగింటి మాట వినబడితే చాలు, తానెక్కడున్నదో తేల్చుకొంటుంది. మన ఫోను ఆకాశంతో ఏమీ మాట్లాడదు, వింటుంది అంతే. వినడానికి ఎవరికీ రుసుము లేదు, సిమ్ము అక్కరలేదు. పామరజనం వినేదానిలో ఆ దేశంవారు కావాలని కలిపే తప్పును 2000 మే నెలలో మానివేశారు. అప్పటినుండే ఇది కారులో దారి చూపడానికి పనికివచ్చేంత సూటి అయింది. మన ఇస్రోవారు కూడ 2013 జులైలో శ్రీహరికోట నుండి ఇటువంటి ఉపగ్రహాలు పంపడం ఆరంభించారు. 2016లో ఆ ఏర్పాటుకు నావిక్ అని పేరు పెట్టారు.

నెట్టు కావలసినది పటానికి మాత్రమే. దానిని ఇంటివద్ద దించి దాచుకొంటే సరిపోతుంది. గూగుల్‌వారి పటంలో కావలసినంత మేర చతురస్రం గీసి దించుకొనవచ్చు. కాని దానికి గడువు వుంటుంది, నడుమ నడుమ కొత్తది చేయాలి. రెండవది ఓపెన్ స్ట్రీట్ మ్యాప్. 2004లో ఇంగ్లండులో మొదలై, ఊరూరివాళ్ళు ఎవరి వీధిని వారు గీసి చేర్చగా పెరిగిన పటం. ఆర్గానిక్ మ్యాప్స్ అనే దానిలో ఈ పటాన్ని రాష్ట్రం రాష్ట్రంగా దించుకొనవచ్చు. అమ్మాయి రెండూ దించింది. ఆంధ్రప్రదేశూ, ఒడిశా రెండూ. ఒక్క రాష్ట్రం దించుకొని బయలుదేరితే పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర పటం తెగిపోతుంది. మనబోటి సరిహద్దువాళ్ళకు ఇది ముఖ్యం సుమా!

ఖర్చు లెక్క ఇది: కొత్త బ్యాటరీ 1,200, గాలి వచ్చే జాలీకి తగిలించే పట్టుగొయ్య 450, కారులో గుచ్చే ఛార్జరు తీగతో సహా 380. మొత్తం 2,030 రూపాయలు. పట్టుగొయ్య అద్దానికి అంటుకొనేది కాక జాలీకి తగిలించేది ఎందుకు తీసుకొన్నామంటే, ఎండ తగిలితే ఫోను వేడెక్కి దానంతట అదే ఆరిపోతుంది. జాలీ దగ్గర చల్లగాలి తగులుతూ వుంటుంది, మా కారులో చల్లగాలి వచ్చిన రోజున. చేతిలో పట్టుకొని మాత్రం చూడకూడదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2020 అక్టోబరు నుండి వచ్చిన సవరణ ప్రకారం, నడిపేవాడు ఫోను వంటిదానిని దారి చూసుకొనడానికే, అదీ ధ్యాస చెడకుండా వాడవలె. మిగిలిన డబ్బుతో మావయ్యకు బరంపురం పట్టు ఉత్తరీయం ఒకటి తీసుకొన్నాము.

ఒక ఆదివారం పరీక్షగా గోపాలపురం సముద్రానికి పోయి వచ్చాము. ఇంటిముందు నిలబడితే నాలుగు నిమిషాల దాకా దానికి తానెక్కడున్నదో తెలియలేదు. తెలిసినాక కూడ మమ్మల్ని వెనకవీధిలో వున్నట్టు చూపింది. మేడల సందులో ఆకాశం మాట గోడలకు తగిలి వస్తుందట. ఊరు దాటి బయలులోకి రాగానే కుదుటపడింది. తెలుగు గొంతుక పెట్టాము. "మూడువందల మీటర్ల తరువాత కుడివైపునకు తిరగండి" అని ఒక అమ్మాయి చెబుతుంటే, వెనకసీటులో నుండి మా అమ్మ "అలాగేనమ్మా" అన్నది. తరువాత తానే నవ్వుకొన్నది. ఫిబ్రవరి తరువాత ఆమె కారులో నవ్వడం అదే మొదలు.

ఇక ఊళ్ళ పేర్ల సంగతి. దీనిని గూర్చి ఎవరూ మమ్మల్ని ముందు హెచ్చరించలేదు. మా ఊరినే ఇంగ్లీషులో ఒక అక్షరం అటూ ఇటూ కొడితే పశ్చిమ బెంగాలులోని బరంపురానికి వందల కిలోమీటర్ల దారి చూపుతుంది. శ్రీకాకుళం జిల్లా కేంద్రం వున్నట్టే కృష్ణాజిల్లాలో ఆంధ్రవిష్ణువు గుడి వున్న శ్రీకాకుళం వున్నది. ఉదయగిరి అంటే గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి, కంధమాల్‌లో జి. ఉదయగిరి, నెల్లూరులో ఉదయగిరి, భువనేశ్వరం దగ్గర గుహల ఉదయగిరి. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం వుంటే తారాతారిణి దగ్గర పురుషోత్తమపురం వున్నది. ఇక మా అమ్మ పుట్టిన ఊరు 'పురం' అని ముగిసే చిన్న ఊరు. ఆ పేరు కొడితే పెట్టె ఆరు ఊళ్ళు చూపి ఏది కావాలో ఎంచుకొమ్మన్నది. అందులో మాది లేదు!

అందుకని మావయ్య కొడుకుకు ఫోను చేసి, ఇంటి అరుగుమీద నిలబడి ఆ చోటు అంకెలు పంపమన్నాము. అక్షాంశం ఒకటి, రేఖాంశం ఒకటి. వాటిని డైరీలో వ్రాసుకొని, వ్రాసినది మళ్ళీ అబ్బాయిచేత చదివించి సరిచూశాము. పద్దు వ్రాసే మాకు చుక్క తరువాతి అంకెల విలువ తెలుసును. చుక్క తరువాత రెండంకెలతో ఆపితే కిలోమీటరు తేడా వస్తుంది. నాలుగయితే పదిపదకొండు మీటర్లు. ఐదయితే గుమ్మం ముందు దింపుతుంది. ఐదూ వ్రాసుకొన్నాము.

కార్తికంలో ఒక సోమవారం తెల్లవారుజామున ఐదుగంటలకు బయలుదేరాము. ఇచ్ఛాపురం దాటాక బోర్డులమీద ఒడియా పోయి తెలుగు వచ్చింది. మా అమ్మ చిన్నపిల్లలాగ ఒక్కొక్క బోర్డే పైకి చదువుతూ వచ్చింది. ఆమె చదువు ఐదవ తరగతి. కుడివైపున మహేంద్రగిరి మంచులో నుండి మెల్లగా బయటపడింది. పలాస దాటాము, టెక్కలి వచ్చింది. ఎడమన నౌపడ స్టేషను వున్నదని చెప్పాము. "మా చిన్నప్పుడు నౌపడలో చిన్న రైలెక్కి పర్లాకిమిడి వెళ్ళేవాళ్ళం. అన్నయ్య దిగి పక్కన నడిచి మళ్ళీ ఎక్కేవాడు, అంత నెమ్మది" అన్నది. పర్లాకిమిడి రాజావారు వేయించగా 1900లో నడక మొదలుపెట్టిన ఆ చిన్నలైను 2004లో ఆగింది, తరువాత పెద్దలైను అయింది.

పెద్దరోడ్డు విడిచి జలుమూరు వైపు తిరిగేదాకా పెట్టె ఒక్క తప్పు చెప్పలేదు. అబ్బాయి పక్కన కూర్చుని పటం చూస్తున్నాడు. ఒక చోట రోడ్డు చీలింది. ఎదురుగా వరిమోపుల ట్రాక్టరు వస్తున్నది, మా దృష్టి అంతా దానిమీదనే. పెట్టె నేరుగా పొమ్మన్నది. పోయాము. వెనకనుండి మా అమ్మ "ఒరే, బోర్డుమీద ముఖలింగం కుడికని వుందిరా" అన్నది.

"బోర్డు చూడలేదా?" అని అబ్బాయిని అడిగాము.

"చూశాను నాన్నా. తెలుగులో వుంది" అన్నాడు.

వాడు పదవ తరగతి. తెలుగు మాట్లాడతాడు, మామ్మతో పోట్లాడతాడు, పాటలు పాడతాడు. చదవలేడు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. ఇంట్లో నేర్పుదామని మేము రెండు వేసవులు పలక పట్టించి మూడవ వేసవికి మానివేశాము. ఆ మాట విని మా ఇంటావిడ మా వైపు చూసింది. మేము రోడ్డు వైపు చూశాము.

అప్పుడైనా వెనక్కి తిప్పవలసినది. కాని రెండువేలు పోసిన పెట్టె చెబుతున్నది గదా! ఫిబ్రవరిలో కట్టెలమోపు మనిషికంటే తారురోడ్డును నమ్మినట్టే, ఇప్పుడు బోర్డుకంటే పెట్టెను నమ్మాము. రెండు కిలోమీటర్లు పోయేసరికి రోడ్డు కాస్తా వంశధార కాలువగట్టు అయింది. ఒకవైపు కాలువ, ఒకవైపు పొలం, నడుమ మా కారు వెడల్పు కంటే జానెడు ఎక్కువ. ఎదురుగా ఎడ్లబండి. బండి వెనక్కి పోలేదు, మేమే పోవాలి. మా అబ్బాయి దిగి వెనకాల నిలబడి చేతులు ఊపుతుంటే అరకిలోమీటరు వెనక్కి నడిపాము. చొక్కా తడిసిపోయింది. తరువాత చూస్తే సంగతి తెలిసింది. దాని దృష్టిలో గట్టూ రోడ్డే.

మా అమ్మ ఆ సమయంలో ఒక్క మాటైనా అనలేదు. అంటే బాగుండేది. ఆమె చేతిలోని ఉత్తరీయపు పొట్లాన్ని గట్టిగా పట్టుకొని కూర్చున్నది. ఫిబ్రవరి ఆమెకూ గుర్తు వచ్చినదని మాకు తెలుసు.

మళ్ళీ బోర్డు దగ్గరకు వచ్చి కుడికి తిరిగాము. ఇప్పుడు పెత్తనం మా అమ్మది. "తిన్నగా పో. మామిడితోపు వస్తది, అక్కడ ఎడమకి" అన్నది. ఎంత పోయినా తోపు రాలేదు. ఎప్పుడో కొట్టివేశారట. ఆ చోట డాబాలు లేచాయి. ఆమె అటూ ఇటూ చూసి "ఏటిది, ఊరే మారిపోనాది" అని మెల్లగా అన్నది. ఆ మాటే వింటున్నట్టు పెట్టెలోని అమ్మాయి "ఎడమవైపునకు తిరగండి" అన్నది. తిరిగాము. చెరువుగట్టు కనబడింది. ఇక మా అమ్మకు పెట్టె అక్కరలేకపోయింది. "అదిగో రామకోవెల, అదిగో నుయ్యి" అంటూనే వున్నది. ఐదంకెలూ సరిగా వ్రాసుకొన్నాము గనుక కారు మావయ్య ఇంటి అరుగు ముందు ఆగింది.

మావయ్య మంచంమీద గోడకు జేరబడి వున్నారు. ఎడమచెయ్యి ఒడిలో వున్నది. మాట ముద్దగా వస్తున్నది. చెల్లెలిని చూసి మొదట అడిగినమాట, "ఏ దారిని వచ్చారు?" అని. మన పెద్దలందరూ మొదట అదే గదా అడుగుతారు! కాలువగట్టు సంగతి చెప్పాము. ఆయన నవ్వడానికి ప్రయత్నించి "నరసన్నపేట మీంచి రావలసింది" అన్నారు. మా అమ్మ ఆయన పక్కన కూర్చుని ఉత్తరీయం విప్పి భుజాలమీద కప్పింది. ఆ తరువాత వారిద్దరూ ఏమి మాట్లాడుకొన్నారో మాకు తెలియదు. మేము పిల్లవాణ్ణి తీసుకొని చెరువుగట్టుకు పోయాము. మా ఇంటావిడ వంటింట్లోకి పోయింది. ఒక గంట తరువాత వచ్చి చూస్తే చిన్నరైలు మాటలు నడుస్తున్నవి. మావయ్య కుడిచేత్తో మా అమ్మ మణికట్టు పట్టుకొనే వున్నారు.

సాయంత్రం ముఖలింగం పోయాము. ఊరి మొగదలలో సోమేశ్వరం, నడుమ భీమేశ్వరం, లోపల మధుకేశ్వరం. తూర్పు గాంగుల కళింగనగరం ఇదేనని పండితుల నిర్ణయం. కార్తిక సోమవారం గనుక జనం విపరీతం. వంశధార ఒడ్డున దీపాలు పెట్టుకొని, నిలబడి దర్శనం చేసుకొని వచ్చాము. శిల్పాలు చూడడానికి మరొకసారి తీరికగా రావాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ దగ్గరలోనే అని అబ్బాయికి చెప్పాము. పర్లాకిమిడిలో వుండి సవర భాష నేర్చి, దానికి పుస్తకాలు వ్రాసిన మహానుభావుడని కూడ చెప్పాము. వాడు ఏమీ అనలేదు గాని గుడిముందు పూజసామాను కొట్టు బోర్డును చాలసేపు చూస్తూ నిలబడ్డాడు.

రాత్రి మావయ్య ఇంట్లోనే వుండి మర్నాడు తిరుగుముఖం పట్టాము. ఈసారి ఆయన చెప్పినట్టు నరసన్నపేట మీదుగానే వచ్చాము. పెట్టెలో ఆ అరుగుకు 'అమ్మ పుట్టిల్లు' అని పేరు పెట్టమని మా అమ్మకు వినిపించేటట్టు అబ్బాయితో చెప్పాము.

"పేరు పెడితే ఏటవుతాది?" అన్నది ఆమె.

"ఈసారి నీ మనవడు ఒక్కడే అయినా నిన్ను తీసుకుపోగలడు."

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "అయితే ఇంకా పెట్టండి" అని ఒక్కొక్క ఊరే చెప్పసాగింది. తన మేనత్తను ఇచ్చిన ఊరు, తోడికోడలి పుట్టినూరు, మా నాన్నగారు మొదట బడిపంతులుగా చేసిన ఊరు, పెద్దమ్మ కాపురానికి వెళ్ళిన పర్లాకిమిడి వీధి. అబ్బాయి ఇంగ్లీషు అక్షరాలతో కొడుతుంటే పెట్టె నాలుగింటికి మరేవో ఊళ్ళు చూపింది. ఇందులో తెలుగు మీటలు కూడ వున్నవని వాడికి గుర్తు వచ్చింది. "మామ్మా, 'ళ' ఎట్లా వుంటుంది?" అని వెనక్కి తిరిగాడు. ఆమె తన అరచేతిలో వేలితో వ్రాసి చూపింది. పలాస దాటేసరికి మూడు ఊళ్ళు దొరికాయి. నాలుగవది, మా నాన్నగారు పనిచేసిన ఊరు, ఎట్లా వ్రాసినా దొరకలేదు. అది గొట్టాకు ఎగువనో దిగువనో మా అమ్మకూ సరిగా జ్ఞాపకం లేదు. మావయ్యను అడిగి చెబుతానని, ఇల్లు చేరగానే ఫోను కలపమన్నది.